ఎలక్ట్రిక్ గిటార్ తీగలు: నాదమూ మన్నికా

అందరికీ నమస్కారం.

ఈ రోజు మాట్లాడమని నిర్వాహకులు నాకిచ్చిన అంశంలో నాదం, మన్నిక అనే రెండు మాటలున్నాయి. వాయించేవారు సాధారణంగా ఈ రెంటినీ విడివిడిగా అడుగుతారు: ఏ తీగ బాగా పలుకుతుంది, ఏ తీగ ఎక్కువ కాలం వస్తుంది అని. నా దృష్టిలో ఈ రెండూ ఒకే ప్రశ్న. కొత్తగా బిగించిన రోజున తీగ పలికే తీరుకూ, కొన్ని వారాలు వాయించాక అదే తీగ పలికే తీరుకూ మధ్య ఉండే తేడా చాలా పెద్దది. ఒకే మందంతో, ఒకే లోహంతో రెండు కంపెనీలు తయారుచేసిన తీగల మధ్య అంత తేడా ఉండదు. అందువల్ల ప్యాకెట్ విప్పిన రోజున వినబడే మెరుపును చూసి కాకుండా, ఆ తీగ మన చేతుల్లో ఎక్కువ రోజులు ఏ స్థితిలో ఉంటుందో, ఆ స్థితిలో దాని నాదం మనకు నచ్చుతుందో లేదో చూసి ఎంచుకోవాలని నా వాదన.

ముందుగా ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగ చేసే పని ఏమిటో చూద్దాం. అకూస్టిక్ గిటార్‌లో తీగ కంపనం బ్రిడ్జి (తీగలు ఆనే దిమ్మ) గుండా చెక్కపలకకు చేరి గాలిని కదిలిస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగ కింద పికప్ ఉంటుంది. పికప్ అంటే అయస్కాంతమూ, దాని చుట్టూ అతి సన్నని రాగితీగతో చుట్టిన వేల చుట్లూ. ఆ అయస్కాంతం తన మీదుగా పోయే తీగను కూడా కొంతమేర అయస్కాంతంగా మారుస్తుంది; మీటినప్పుడు ఆ తీగ అటూ ఇటూ ఊగడం వల్ల చుట్టలోని అయస్కాంత క్షేత్రం మారి, అందులో విద్యుత్తు పుడుతుంది. 1930ల తొలినాళ్లలో వచ్చిన రికెన్‌బాకర్ గిటార్ల నుంచి నేటి గిటార్ల వరకు అయస్కాంత పికప్‌ల సూత్రం ఇదే. కాబట్టి అయస్కాంతానికి లొంగే లోహమే ఇక్కడ తీగగా పనికొస్తుంది. అకూస్టిక్ కోసం కంచు చుట్టిన తీగలను ఎలక్ట్రిక్ గిటార్‌కు బిగిస్తే, పైచుట్టు పికప్‌కు కనబడదు, లోపలి ఉక్కు ఒక్కటే పలుకుతుంది. సాదా ఉక్కుతో చేసిన సన్న తీగలు గట్టిగానూ, చుట్టు ఉన్న లావు తీగలు నీరసంగానూ వినిపిస్తాయి.

ఇక ఎంపికలో మొదటి మెట్టు మందం. తీగల మందాన్ని అంగుళంలో వెయ్యోవంతులలో లెక్కిస్తారు. పది సెట్ అంటే అన్నిటికన్నా సన్ననిదైన మొదటి తీగ 0.010 అంగుళం, అంటే పావు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ; ఆరో తీగ సాధారణంగా 0.046 అంగుళం. తొమ్మిది సెట్‌లో అవే 0.009, 0.042. వెయ్యోవంతు అంగుళం తేడాకు ఇంత పట్టింపు ఎందుకని కొత్తవారికి అనిపించవచ్చు. కానీ పొడవూ శ్రుతీ మారకుండా ఉన్నప్పుడు, తీగలో ఉండవలసిన బిగువు మందంతో కాకుండా మందం వర్గంతో పెరుగుతుంది. తొమ్మిదికీ పదికీ మధ్య మందంలో తేడా 11 శాతమైతే బిగువులో తేడా 23 శాతం. 25.5 అంగుళాల స్కేలు (తీగ కంపించే భాగం పొడవు) ఉన్న గిటార్‌లో మొదటి తీగను ప్రామాణిక శ్రుతికి తెస్తే తొమ్మిది తీగ మీద దాదాపు 13 పౌన్లు, పది తీగ మీద దాదాపు 16 పౌన్లు, పదకొండు తీగ మీద 19 పౌన్లకు పైగా బిగువు ఉంటుంది. ఆరు తీగలూ కలిపి చూస్తే తొమ్మిది సెట్ మెడను సుమారు 85 పౌన్లతో లాగుతుంది, పది సెట్ సుమారు 103 పౌన్లతో, అంటే దాదాపు 47 కిలోల బరువుతో లాగుతుంది. మందం మార్చగానే మెడ వంపు మారడానికీ, తేలే ట్రెమొలో బ్రిడ్జి (స్ప్రింగులతో నిలిచి, ఊపితే స్వరాన్ని మార్చే బ్రిడ్జి) పైకి లేవడానికీ కారణం ఇదే.

స్కేలు పొడవును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఫెండర్ గిటార్ల స్కేలు మామూలుగా 25.5 అంగుళాలు, గిబ్సన్ గిటార్ల స్కేలు పేరుకు 24.75 అంగుళాలు. బిగువు పొడవు వర్గంతో కూడా మారుతుంది కనుక, ఒకే సెట్‌ను రెంటికీ బిగిస్తే పొట్టి స్కేలు గిటార్‌లో దాదాపు 6 శాతం వదులుగా ఉంటుంది. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ మీద తొమ్మిది సెట్ వాడే వ్యక్తి గిబ్సన్ లెస్ పాల్ మీద పది సెట్ వాడడం వెనుక ఉన్న లెక్కలో కొంత భాగం ఇదే. శ్రుతిని తగ్గించి వాయించేవారికీ ఇదే లెక్క వర్తిస్తుంది. గిటార్ మొత్తాన్ని ఒక పూర్తి స్వరం కిందికి దించితే బిగువు సుమారు 20 శాతం పడిపోతుంది. పాత బిగువు మళ్లీ రావాలంటే తీగ 12 శాతం లావు కావాలి. అంటే పది, నలభై ఆరు వాడే చోట పదకొండు, యాభై రెండు దగ్గరి తీగలు వెతుక్కోవాలి.

ఈ సన్న తీగలు మొదటి నుంచీ దుకాణాల్లో ఉన్నవి కావు. 1950లలో మామూలు సెట్‌లో మూడో తీగ కూడా చుట్టు తీగే. దాన్ని వంచి స్వరం పెంచడం వేళ్లకు పరీక్ష. అమెరికన్ గిటారిస్టు జేమ్స్ బర్టన్ వంటివారు మొదటి తీగ స్థానంలో బాంజో తీగ బిగించి, సెట్‌లోని మిగతా తీగలను ఒక్కో స్థానం కిందికి జరుపుకొని వాడారు. కాలిఫోర్నియాలో సంగీత దుకాణం నడిపిన ఎర్నీ బాల్, మూడో తీగతో వేళ్లు నొప్పెట్టుకుంటున్న విద్యార్థులను గమనించి, 1960ల తొలినాళ్లలో స్లింకీ పేరుతో పది నుంచి నలభై ఆరు వరకు ఉండే సన్న సెట్‌ను అమ్మకానికి తెచ్చాడు. ఇప్పుడు మనం ప్రామాణికం అనుకునే సెట్ ఆ అవసరంలోంచి వచ్చింది.

ఈ మార్పు పికప్‌లలో ఒక గుర్తును వదిలింది. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ పికప్‌లలో అయస్కాంతపు ముక్కల ఎత్తులు సమానంగా ఉండవు. మూడో తీగ కింది ముక్క పైకి పొడుచుకుని ఉంటుంది. చుట్టు తీగలో పికప్‌కు బలంగా వినబడేది లోపలి సన్నని ఉక్కు కనుక, ఆనాటి చుట్టు మూడో తీగ స్వరం బలహీనంగా ఉండకూడదని అలా చేశారు. ఈనాడు అదే నమూనా పికప్ మీద సాదా ఉక్కు మూడో తీగ బిగిస్తే, ఆ ఒక్క తీగే మిగతావాటిని మించి అరుస్తుంది. అలా అరిచినప్పుడు తీగల కంపెనీని తిట్టుకోవడం నేను తరచుగా చూస్తుంటాను. అక్కడ చూడవలసింది పికప్ ముక్కల ఎత్తు.

లావు తీగలైతేనే నాదం లావుగా ఉంటుందన్న మాట మీరు వినే ఉంటారు. అందులో నిజం కొంత ఉంది. లావు తీగలో ఉక్కు ఎక్కువ కనుక పికప్‌లో పుట్టే సంకేతం పెద్దది. గట్టిగా మీటినా శ్రుతి అంతగా చెదరదు. బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ 0.013 తీగలు వాడినది అందరికీ తెలిసిన సంగతే. అయితే అతను గిటార్‌ను అర స్వరం కిందికి దించి వాయించేవాడన్నది ఆ కథ చెప్పేవారు మరచిపోతారు. ఆ దించడం వల్ల బిగువు 11 శాతం తగ్గుతుంది. రెండో వైపున జీజీ టాప్ బృందపు గిటారిస్టు బిల్లీ గిబ్బన్స్ 0.007 తీగలతో, అంటే మామూలు సెట్లలో దొరకనంత సన్నని తీగలతో, ఎవరూ పలచన అనలేని నాదం తీశాడు. బ్లాక్ సబ్బాత్ బృందపు గిటారిస్టు టోనీ అయోమీ 1965లో కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ల చివరలు కోల్పోయాడు. ఎడమచేతివాటం వాడు కనుక అతను తీగలను నొక్కే చేయి అదే. ఆ తరువాత సన్న తీగలతో, దించిన శ్రుతితో అతను పలికించిన నాదం హెవీ మెటల్‌కు పునాది అయింది. మందాన్ని చేతిని బట్టి, స్కేలును బట్టి, శ్రుతిని బట్టి నిర్ణయించుకోవాలి. నాదంలోని లావును యాంప్లిఫైయర్ దగ్గరా, పికప్ ఎత్తు దగ్గరా, మీటే చేతిలోనూ సరిదిద్దుకోవచ్చు. నొప్పెట్టే వేళ్లతో వంచిన స్వరం శ్రుతికి చేరకపోతే దాన్ని ఏ యాంప్లిఫైయరూ సరిదిద్దలేదు.

మన్నిక సంగతికి వస్తే, తీగ తెగడం గురించి ఒక అపోహ గట్టిగా పాతుకుపోయింది. సన్న తీగ బిగువు తట్టుకోలేక తెగుతుందని అనుకుంటాం. లెక్క చూస్తే అలా లేదు. సాదా ఉక్కు తీగలో ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద పడే ఒత్తిడి ఉక్కు సాంద్రతను బట్టి, స్కేలు పొడవును బట్టి, శ్రుతిని బట్టి ఉంటుంది గానీ మందాన్ని బట్టి ఉండదు. లావు తీగకు బిగువు ఎంత పెరుగుతుందో, దాన్ని మోసే ఉక్కు కూడా అంతే పెరుగుతుంది. మొదటి తీగ ప్రామాణిక శ్రుతిలో, తొమ్మిదైనా పదకొండైనా, తన ఉక్కు బలంలో సుమారు సగం దగ్గర నిలుస్తుంది. ఒక పూర్తి స్వరం వంచితే బిగువు 26 శాతం, ఒకటిన్నర స్వరం వంచితే 41 శాతం పెరుగుతుంది. అప్పటికీ మంచి తీగకు తెగేంత ప్రమాదం రాదు. రెండో తీగ, సాదా మూడో తీగ అంతకన్నా తక్కువ శ్రుతిలో ఉంటాయి కనుక వాటి మీద ఒత్తిడి ఇంకా తక్కువ. మొదటి తీగ తరచుగా తెగడానికి కారణం అది సన్నగా ఉండడం కన్నా, అన్నిటికన్నా ఎత్తు శ్రుతిలో ఉండడం.

మరి తీగలు ఎందుకు తెగుతాయి? ఎక్కడో ఒక చోట గాటు పడి, లేక తుప్పు పట్టి, మోసే ఉక్కు తగ్గిపోవడం వల్ల. ఇక్కడ మాత్రం లావు తీగకు నిజంగానే లాభం ఉంది: ఒకే లోతు గాటు లావు తీగలో చిన్న వంతును, సన్న తీగలో పెద్ద వంతును తినేస్తుంది. తెగిన తీగను పారేయకుండా చివరను చూడమని నేను ఎప్పుడూ చెబుతాను. శాడిల్ (బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే ముక్క) మీద ఆనే చోట తెగితే శాడిల్ అంచున పదునో, గరుకుతనమో ఉంది. అతి సన్నని గరుకు కాగితంతో ఆ అంచును నున్నగా చేయాలి. ట్యూనర్ (తీగను బిగించే మర) కంత దగ్గర తెగితే అక్కడ తీగ పదునుగా మడత పడి ఉండవచ్చు, లేదా కంత అంచులు కోస్తూ ఉండవచ్చు. బాల్ (తీగ చివర ఉండే లోహపు గుండు) దగ్గరి మెలి వద్ద తెగితే తయారీలో లోపమో, బ్రిడ్జి లోపలి అంచో కారణం. మీటే చోట తెగితే చేతి బరువు. రెండు మూడు సెట్లు వరుసగా ఒకే చోట తెగుతున్నప్పుడు ఇంకా బలమైన తీగ కోసం వెతకడం అనవసరమైన ఖర్చు. లోపం గిటార్‌లో ఉంది.

ఇక లోహం. సాదా తీగలు దాదాపు అన్నీ తగరపు పూత వేసిన హై కార్బన్ ఉక్కుతోనే వస్తాయి, కాబట్టి ప్యాకెట్ మీద నికెల్ అనో స్టెయిన్‌లెస్ అనో రాసి ఉన్నది లావు తీగల పైచుట్టు గురించి మాత్రమే. చుట్టు తీగలో బిగువునంతా మోసేది మధ్యలోని ఉక్కు. పైచుట్టు పని బరువు పెంచడం, పికప్‌తోనూ వేళ్లతోనూ వ్యవహరించడం. ఆ మధ్య ఉక్కు నేడు ఎక్కువగా ఆరు పలకలుగా ఉంటుంది, ఆ పలకల అంచులు పైచుట్టును జారకుండా పట్టుకుంటాయి. గుండ్రని మధ్య ఉక్కు ఉన్న తీగలు కొంచెం మెత్తగా వంగుతాయని ఇష్టపడేవారున్నారు. వాటిని కత్తిరించే ముందు కత్తిరించే చోట పదునుగా మడవకపోతే పైచుట్టు వదులై తీగ చచ్చిపోతుంది.

నికెల్ పూత వేసిన ఉక్కు పైచుట్టు అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడవుతుంది. దాని ప్రకాశానికీ వెచ్చదనానికీ మధ్య సమతూకం కుదిరింది. స్వచ్ఛమైన నికెల్ చుట్టు 1950లలో, 60లలో మామూలుగా ఉండేది. నికెల్ కూడా అయస్కాంతానికి లొంగుతుంది గానీ ఇనుమంతగా కాదు. అందువల్ల సంకేతం కొంచెం చిన్నది, పై స్థాయి కొంచెం మెత్తన. స్టెయిన్‌లెస్ ఉక్కులో అయస్కాంతానికి లొంగే రకాన్ని చుడతారు. అది ప్రకాశవంతంగా పలుకుతుంది, చెమటకు బాగా తట్టుకుంటుంది, వేళ్ల కింద గరుకుగా ఉంటుంది, మామూలు నికెల్ సిల్వర్ ఫ్రెట్లను (మెడ మీది అడ్డ లోహపు పట్టీలను) కాస్త త్వరగా అరగదీస్తుంది. నికెల్ పడని చర్మం ఉన్నవారు కూడా ఈ తీగల వైపు వస్తారు. కోబాల్ట్ మిశ్రమాల చుట్లు పికప్‌తో మరింత బలంగా స్పందిస్తాయి. గుండ్రని తీగకు బదులు చదును పట్టీ చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలు జాజ్ వాయించేవారికి ప్రియమైనవి: వేళ్లు జరిపినప్పుడు చప్పుడు రాదు, ఎగువ హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాలు) తక్కువ, ఫ్రెట్లు తక్కువగా అరుగుతాయి.

ఇక్కడ నా మొదటి మాటకు లోహాలతో సంబంధం తెలుస్తుంది. కొత్త తీగ మెరుపంతా ఎగువ హార్మోనిక్స్‌లో ఉంటుంది. వాయిస్తున్న కొద్దీ చెమట, చర్మపు నూనె, రాలిన చర్మపు పొడి పైచుట్టు సందుల్లో చేరి ఆ హార్మోనిక్స్‌ను మింగేస్తాయి. తీగ పొడవునా బరువు సమానంగా లేకపోవడం వల్ల హార్మోనిక్స్ తమ సరైన స్థానాలు తప్పుతాయి. 12వ ఫ్రెట్ దగ్గర తీగను తేలికగా తాకి పలికించే హార్మోనిక్‌కూ, అక్కడే నొక్కి మీటిన స్వరానికీ శ్రుతి కుదరడం మానేస్తుంది. కొన్ని వారాల పాటు రోజూ వాయించిన ఆరో తీగను విప్పి, ఫ్రెట్ల వైపు ఉన్న భాగాన్ని గోటితో నెమ్మదిగా రాస్తూ పోతే రెండో, మూడో ఫ్రెట్ల దగ్గర చిన్న చిన్న నొక్కులు గోటికి తగులుతాయి. వెలుతురులో చూస్తే ఆ చోట చుట్టు పూత అరిగి, మచ్చలు మచ్చలుగా రంగు మారి ఉంటుంది. ఆ తీగ తెగలేదు, శ్రుతికి కూడా వస్తుంది, కానీ స్వరం నిలవదు.

ఈ దిగజారుడు అందరినీ ఒకేలా బాధించదు. స్వచ్ఛమైన నికెల్ తీగ మొదటి రోజునే మెత్తగా ఉంటుంది కాబట్టి దానికి కోల్పోయేదీ తక్కువే. బ్లూస్ వాయించే చాలామందికి కొంచెం పాతబడిన తీగే ఇష్టం. ఫ్లాట్‌వౌండ్ తీగ నెలల తరబడి ఒకే తీరులో ఉంటుంది. స్టెయిన్‌లెస్ మెరుపును నమ్ముకుని, వేగంగా, శుభ్రంగా, క్లీన్ నాదంతో వాయించేవారు మాత్రం ప్రతి రెండు మూడు వారాలకు తీగలు మార్చడానికి సిద్ధపడాలి. డిస్టార్షన్ (నాదాన్ని కావాలని గరుకుగా మార్చడం) బాగా ఉన్నప్పుడు నాదంలో హార్మోనిక్స్‌ను యాంప్లిఫైయరే పుట్టిస్తుంది కనుక, తీగ కోల్పోయిన మెరుపు కొంతవరకు కనబడదు. అయితే పాత తీగ శ్రుతి తప్పడం మాత్రం డిస్టార్షన్‌లో ఇంకా బాగా వినబడుతుంది.

పూత వేసిన తీగల చర్చ ఇక్కడికి చెందినదే. గోర్-టెక్స్ వస్త్రాన్ని తయారుచేసే గోర్ సంస్థ 1997లో ఎలిక్సిర్ పేరుతో పాలిమర్ పొర ఉన్న గిటార్ తీగలను తెచ్చింది. పైచుట్టు సందులను ఆ పొర మూసివేస్తుంది కనుక చెమటా మురికీ లోపలికి చేరవు. ప్రతిగా ఆ పొర మొదటి రోజునే ఎగువ హార్మోనిక్స్‌లో కాస్త తగ్గిస్తుంది, వేలికి జారుడుగా తగులుతుంది. మీటే చోట పొర చిరిగి సన్నని పోగులుగా లేచే అవకాశం కూడా ఉంది. తరువాతి తరాల పూతలు పలచబడ్డాయి, పోగులు తగ్గాయి. చేతులు బాగా చెమర్చేవారికీ, నాలుగైదు గిటార్లు ఉండి ఒక్కో దాన్ని అరుదుగా తీసేవారికీ నేను పూత తీగలనే సూచిస్తాను. చెమట తక్కువగా ఉండి, రోజూ ఒకే గిటార్ వాయించేవారికి, నా అభిప్రాయంలో, మామూలు నికెల్ పూత ఉక్కు తీగలను కాస్త త్వరగా మార్చుకోవడమే మేలు. ఒక హెచ్చరిక మాత్రం ఉంది: పూత తీగ ఫ్రెట్ల దగ్గర అరగకుండా ఆపలేదు, శాడిల్ గాటును ఆపలేదు, అది తుప్పునూ మురికినీ మాత్రమే ఆపుతుంది.

మామూలు తీగల ఆయుష్షును పెంచే పద్ధతులలో అన్నిటికన్నా ఫలితమిచ్చేవి రెండే: వాయించే ముందు చేతులు కడుక్కుని తుడుచుకోవడం, వాయించాక తీగ అడుగువైపు కూడా పొడి గుడ్డతో తుడవడం. చుట్టు తీగలను మరిగించి మళ్లీ బిగించే అలవాటు కొందరికి ఉంది. మురికి పోయి కొన్నాళ్లు మెరుపు తిరిగి వస్తుంది, ఫ్రెట్ నొక్కులు మాత్రం పోవు. గిటార్ తీగలకు ఆ శ్రమ దండగ అని నా ఉద్దేశం.

మందం మార్చేవారు దానితో పాటు చేయవలసిన పనులు మరచిపోకూడదు. లావు తీగకు నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడి సరిపోకపోతే తీగ గాడిలో ఇరుక్కుని, వంచి వదిలాక పాత శ్రుతికి తిరిగి రాదు; వాయించేవారు దాన్ని తీగ నాణ్యత లోపం అనుకుంటారు. ట్రస్ రాడ్ (మెడ వంపును సరిచేసే లోపలి కడ్డీ) చూడాలి, తేలే బ్రిడ్జి స్ప్రింగులు చూడాలి, శాడిల్ స్థానాలు మళ్లీ కుదర్చాలి. సాదా మూడో తీగ 0.018 దాటితే బిరుసుతనం వల్ల దాని శాడిల్ బాగా వెనక్కు జరుగుతుంది, కింది ఫ్రెట్లలో కార్డ్ స్వరాలు పైకి పోతుంటాయి. పన్నెండు సెట్ దగ్గరికి వచ్చినప్పుడు చుట్టు మూడో తీగ ఉన్న సెట్ తీసుకోవడం నయం. కొత్త తీగ బిగించాక ఒక్కోదాన్ని చేత్తో నెమ్మదిగా పైకి లాగి, శ్రుతి చేసి, అది జారడం ఆగేవరకు మళ్లీ మళ్లీ అదే చేయాలి. పికప్ తీగలకు మరీ దగ్గరగా ఉంటే, ముఖ్యంగా మెడ వైపు పికప్, దాని అయస్కాంతం లావు తీగలను లాగి స్వరాన్ని వణికిస్తుంది. కొత్త సెట్ మీద తీర్పు చెప్పే ముందు పికప్‌ను కొంచెం దించి వినండి.

మొదటిసారి ఎంచుకునేవారికి నా సలహా ఇది: పొడవు స్కేలు గిటార్‌కు తొమ్మిది, పొట్టి స్కేలు గిటార్‌కు పది, రెంటికీ నికెల్ పూత ఉక్కు. ఆ సెట్ పూర్తిగా పాతబడేవరకు వాయించి, ఏ దశలో నాదం నచ్చిందో, ఏ దశలో విసుగు పుట్టిందో గమనించి, తరువాతి సెట్‌లో మందమో లోహమో ఒక్కటే మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏ మార్పు వల్ల ఏ ఫలితం వచ్చిందో తెలియదు. సెట్‌తో పాటు మొదటి తీగ మందానికి విడి తీగలు రెండు కొని కేసులో ఉంచుకోండి. ప్రదర్శనలో తెగితే తెగేది ఎక్కువగా అదే కనుక, దాని కోసం కొత్త సెట్ మొత్తం విప్పే అవసరం ఉండదు.